"చూసుకుందాం తియ్" అన్న మాటకు బిల్లు ఎవరు కడతారు? మేస్త్రీలు, ఓనర్లు, ఒక కాగితం ముచ్చట

ఈ రోజు ఎపిసోడ్ కోడింగ్ గురించి కాదు, జాబ్స్ గురించి కూడా కాదు. ఇండ్లు కట్టే మేస్త్రీల గురించి. సొంతంగా గుత్తకు తీసుకుని పని చేసే అన్నల కోసం ముఖ్యంగా. ఇల్లు కట్టించుకునే వాళ్లు కూడా వినొచ్చు, మీ సైడ్ కూడా మాట్లాడతా.

పోయిన ఆదివారం రాత్రి తొమ్మిదిన్నరకు ఒక ఫోన్ వచ్చింది. యైటింక్లయిన్ కాలనీ వైపు పనులు చేసే మేస్త్రీ అన్న. "తమ్మీ, నీ వీడియోలు మా బిడ్డ చూస్తది. ఒక ముచ్చట అడుగుతా, ఏమనుకోకు. ఇల్లు పూర్తయి రెండు నెలలైంది. ఓనరు 1,60,000 ఆపిండు. కోర్టుకు పోవాల్నా?"

నేను అడిగిన మొదటి ప్రశ్న ఒకటే. "అన్నా, కాగితం ఉన్నదా?"

"ఏం కాగితం తమ్మీ, తెలిసినోళ్లే."

ఆ "తెలిసినోళ్లే" అన్న మాట విన్నాక కాసేపు నేనేం మాట్లాడలేకపోయాను. ఎందుకంటే 2017లో మా ఇంట్లో కూడా అదే మాట విన్నా.

మీలో చాలామందికి తెలుసు, నేను గోదావరిఖనిలో పుట్టి పెరిగిన. బీటెక్ అయ్యాక హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ జాబ్ చేసి, మళ్లీ ఇక్కడికే వచ్చేశా. కానీ మా బాపు మేస్త్రీ అని ఇన్ని వీడియోల్లో ఎప్పుడూ పెద్దగా చెప్పలేదు. సిగ్గుపడి కాదు. ఈ కథ చెప్పాల్సి వస్తదని.

ముందు మన ఊరి సంగతి ఒకటి అర్థం చేసుకోవాలి. ఇక్కడ సొంతిల్లు కట్టించుకునే వాళ్లలో ఎక్కువ మంది ఎవరు? సింగరేణి కార్మికులు. ఉద్యోగం ఉన్నన్ని రోజులు కంపెనీ క్వార్టర్‌లో ఉంటారు. 61 ఏండ్లకు రిటైర్ అయితరు, క్వార్టర్ ఖాళీ చేయాలి. గ్రాట్యుటీ, సీఎంపీఎఫ్ డబ్బు ఒక్కసారి చేతికి వస్తది. 30, 35 ఏండ్లు భూమి కింద చెమటోడ్చిన డబ్బు. అందులో బిడ్డ పెండ్లి ఉంటది, పాత అప్పులు ఉంటాయి, మిగిలింది ఇల్లు. అంత డబ్బు ఆయన జీవితంలో మొదటిసారి చూస్తున్నాడు, అదే చివరిసారి కూడా. ఆ డబ్బు తీసుకుపోయి ఒక మేస్త్రీ చేతిలో పెట్టాలి. పక్కింటాయన ఏమంటడు? "జాగ్రత్త అన్నా, మేస్త్రీలు ముంచుతరు." బామ్మర్ది ఏమంటడు? "సిమెంట్ తక్కువ కలుపుతరు, దగ్గరుండి చూసుకో."

కష్టమైన కస్టమర్ అని మనం అనేది చాలాసార్లు భయపడ్డ మనిషినే. అందరూ అట్ల కాదు. మొదటి రోజు నుంచే ఎగ్గొట్టాలని వచ్చేవాళ్లు కూడా ఉంటారు. వాళ్ల సంగతి కూడా చెప్తా.

2017లో బాపు ఒక ఇల్లు ఒప్పుకున్నడు. రిటైర్ అయిన సారు. మా మేనత్త వాళ్లకు తెలిసినాయన. మెటీరియల్‌తో సహా చదరపు అడుగుకు 1,350 రూపాయలు. గ్రౌండ్ ఫ్లోర్ మాత్రమే. 50,000 బయానా ఇచ్చి, కొబ్బరికాయ కొట్టి, ముగ్గు పోసి పని మొదలు. కాగితం లేదు. "అడుగుకు 1,350" అన్న ఆ ఒక్క వాక్యమే అగ్రిమెంట్.

పిల్లర్లు లేచాయి. అప్పుడు వాస్తు పంతులు వచ్చాడు. మెట్లు ఆగ్నేయంలో వద్దు, వాయవ్యంలో పెట్టాలన్నాడు. అప్పటికే మెట్ల కోసం గుంతలు తీసి, సలాకలు కట్టి, కాంక్రీట్ పోసి ఉన్నది. బాపు అడిగిండు, "సారు, ఇది ఎక్స్‌ట్రా అయితది." సారు అన్నాడు, "చూసుకుందాం తియ్ మేస్త్రీ. నువ్వు నేను వేరా?" బాపు జరిపిండు. తర్వాత సంపు పెద్దగా కావాలన్నారు. చూసుకుందాం తియ్. పిట్టగోడ మూడడుగులు కాదు, నాలుగు అడుగులు ఉండాలి, మనవళ్లు ఆడుకుంటారు. చూసుకుందాం తియ్. చివరికి మిద్దె మీద ఒక బాత్రూమ్. అది కూడా అంతే.

గృహప్రవేశం అయింది. మా అమ్మకు చీర పెట్టారు, బాపుకు బట్టలు పెట్టారు. నేను కూడా పోయి భోజనం చేసొచ్చిన. వారం తర్వాత బాపు లెక్క పట్టుకుని పోయిండు. మెట్లు జరిపినందుకు 46,000, సంపు 18,000, పిట్టగోడ 14,000, మీద బాత్రూమ్ 37,000. మొత్తం ఎక్స్‌ట్రా 1,15,000. సారు ఆ లెక్క పక్కన పెట్టి, ముందు అసలు ఇల్లు కొలుద్దాం అన్నాడు. టేపు పెట్టి ఒక్కో గది లోపల గోడ నుంచి గోడ దాకా కొలిచాడు. 930 అడుగులు. బాపు లెక్క స్లాబ్ అంచు నుంచి అంచుకు, బాల్కనీతో కలిపి, 1,080 అడుగులు. 150 అడుగుల తేడా. 1,350తో గుణిస్తే 2,02,500 రూపాయలు.

ఇద్దరిలో ఎవరు అబద్ధం చెప్తున్నారు? ఎవరూ కాదు. అడుగు అంటే ఏ అడుగు అని మొదటి రోజు ఎవరూ మాట్లాడుకోలేదు. మేస్త్రీలంతా స్లాబ్ ఏరియానే కొలుస్తరు, అది బాపుకు గాలి పీల్చినంత మామూలు విషయం. ఆ సారు జీవితంలో ఇల్లు కట్టించడం అదే మొదటిసారి. ఆయనకు ఇల్లంటే తను నడిచే చోటు. గోడ మందం ఎందుకు కట్టాలి అన్నది ఆయన ప్రశ్న. 930 అడుగులకు లెక్క కడితే 12,55,500, అది మొత్తం ఇచ్చేశా, నీకు బాకీ లేను అన్నాడు.

కాలనీ పెద్దమనుషుల దగ్గర పంచాయితీ పెట్టారు. వాళ్లు అడిగిన మొదటి ప్రశ్న, "కాగితం ఉన్నదా మేస్త్రీ?" మన దగ్గర లేదు. కానీ సారు దగ్గర ఉంది! ఆయన చిన్న డైరీ తెచ్చాడు. 30 ఏండ్లు మస్టర్ పడి పని చేసిన మనిషి కదా, ఏ రోజు ఎంతమంది వచ్చారో, ఏ రోజు ఎవరూ రాలేదో తేదీలతో రాసుకున్నాడు. స్లాబ్ డబ్బు ఇచ్చిన తర్వాత 11 రోజులు సైట్‌లో ఒక్క మనిషి లేడు. ఎందుకు లేడు? ఇది బాపు ముందే చెప్తున్నా, ఆయన పక్క గదిలోనే ఉన్నడు. ఈ ఇంటి స్లాబ్ డబ్బుతో బాపు వేరే ఇంటి స్లాబ్ పోసిండు. ఆ ఇంటి ఓనర్ డబ్బు లేట్ చేసిండు కాబట్టి. ఆ డబ్బు వచ్చినంక ఈ ఇల్లు.

మేస్త్రీ అన్నలారా, గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పండి, ఇది చేయని వాళ్లు ఎంతమంది? ఒక ఇంటి డబ్బు ఇంకో ఇంట్లో తిప్పుతాం. తిరిగినన్ని రోజులు తిరుగుతది. ఎక్కడో ఒక చోట ఒక ఓనర్ ఆపితే నాలుగు ఇండ్లు ఆగుతాయి. ఆ 11 రోజులు సారు రోజూ వచ్చి ఖాళీ సైట్‌లో నిలబడి ఉంటడు. బామ్మర్ది మాట నిజమే అనుకుని ఉంటడు. ఆ రోజు పోయిన నమ్మకమే ఆ టేపులో బయటపడింది అని నాకు అనిపిస్తది.

పెద్దమనుషులు 80,000కు తెగ్గొట్టారు. బాపుకు రావాల్సింది 3,17,500. పోయింది 2,37,500. స్టీలు షాపు బాకీ కట్టడానికి కాంక్రీట్ కలిపే మిల్లర్ అమ్మిండు, సెంట్రింగ్ రేకులు అమ్మిండు. సొంతంగా పనులు పట్టే మనిషి వేరే మేస్త్రీ కింద రోజు కూలికి సుతారి పనికి పోయిండు. నేను అప్పుడు బీటెక్ మధ్యలో ఉన్నా. హాస్టల్ నుంచి ఫోన్ చేస్తే "పని మంచిగనే నడుస్తాంది" అనేటోడు. నాకు అసలు సంగతి తెలిసింది సంవత్సరం తర్వాత, ఇంటికొస్తే మిల్లర్ కనపడకపోతే.

సరే. ఇప్పుడు నా సాఫ్ట్‌వేర్ ముచ్చట ఒకటి. నేను చేసిన కంపెనీలో ఒక క్లయింట్ ఉండేవాడు. ఒకసారి స్క్రీన్ మీద ఒక బటన్ కుడివైపు నుంచి ఎడమవైపుకు జరపమన్నాడు. చిన్న పనే. కానీ మా మేనేజర్ చేయనివ్వలేదు. ముందు చేంజ్ రిక్వెస్ట్ పెట్టాలి, ఎన్ని గంటలు పడుతుందో రాయాలి, క్లయింట్ మెయిల్‌లో ఓకే అనాలి, అప్పుడే ముట్టుకోవాలి. 6 గంటలు అని రాశాం, ఓకే అన్నాడు, బిల్లు కట్టాడు. నాకు ఆ రోజు కూర్చున్న చోటే బాపు గుర్తొచ్చిండు. బటన్ జరపడానికి 6 గంటల డబ్బు. మా బాపు మెట్లను ఇంటి ఒక మూల నుంచి ఇంకో మూలకు జరిపి రూపాయి తెచ్చుకోలేకపోయిండు. తెలివి తక్కువై కాదు. పని మొదలుపెట్టే ముందు "ఇది ఇంత" అని రాసి, సంతకం పెట్టించుకునే అలవాటు ఆ ఫీల్డ్‌లో ఉంది, ఈ ఫీల్డ్‌లో లేదు. అంతే తేడా.

అందుకే నేను తిరిగొచ్చాక, బాపు మళ్లీ సొంతంగా పని పట్టినప్పుడు, మేం మొదట కొన్నది మిల్లర్ కాదు. కార్బన్ పేపర్ పెట్టి రాసే ఒక బిల్ బుక్. 60 రూపాయలో 70 రూపాయలో.

ఆ బుక్ ఎట్ల వాడతామో చెప్తా. ఓనర్ ఏ మార్పు అడిగినా, అది గూడు ఒక అడుగు జరపడమైనా సరే, అదే రోజు రాస్తాం. తేదీ, ఏం మార్పు, ఎంత ఖర్చు, ఎన్ని రోజులు ఎక్కువ పడుతుంది. ఓనర్ సంతకం. కింద కాపీ ఆయనకు, పైది మనకు. ఖర్చు లేని మార్పు అయినా రాస్తాం, "ఖర్చు లేదు" అని. దీనివల్ల ఒక లాభం ఉంది. మనం ఊరికే చేసిన పనులు కూడా ఓనర్ కళ్ల ముందు కాగితం మీద కనపడతాయి. తర్వాత 5,000 ఎక్స్‌ట్రా అడిగితే గొడవ పెట్టుకోరు.

మొదటి కస్టమర్‌కు కోపం వచ్చింది. "ఏంది మేస్త్రీ, నా మీద నమ్మకం లేదా? ప్రతిదానికి సంతకమా?" నేనైతే ఏదో లెక్చర్ ఇచ్చేవాణ్ని. బాపు ఒక్క ముక్కలో చెప్పిండు. "మీ మీద నమ్మకం ఉన్నది సారు. నా యాది మీదనే లేదు. నాలుగు సైట్లు తిరుగుతా, మర్చిపోయి మీ దగ్గర ఎక్కువ అడుగుతనేమో." ఆయన నవ్వి సంతకం పెట్టిండు. ఈ లైన్ మీరు కూడా వాడుకోండి, బాపు కాపీరైట్ అడగడు.

ఇక అసలు అగ్రిమెంట్. దీంట్లో నాకు అన్నిటికంటే ముఖ్యం అనిపించేది కొలత. "చదరపు అడుగుకు ఇంత" అని రాస్తే సరిపోదు. ప్లాన్ జిరాక్స్ తీసి, దాని మీద ఎర్ర పెన్నుతో కొలిచే గీత గీయండి. స్లాబ్ బయటి అంచు నుంచా, గోడ లోపల నుంచా? బాల్కనీ పూర్తిగా లెక్కా, సగమా? సజ్జలు లెక్కలో ఉన్నాయా? మెట్లు, హెడ్ రూమ్, సంపు, సెప్టిక్ ట్యాంక్, కాంపౌండ్ గోడ అడుగుల్లో కలుస్తాయా, విడిగా రేటా? ఆ జిరాక్స్ మీద ఇద్దరి సంతకం. 2017లో ఈ ఒక్క కాగితం ఉంటే 2,02,500 గొడవే లేదు. బహుశా సారు మొదటి రోజే "గోడకు డబ్బు ఎందుకు" అని అడిగేవాడు, రేటు తగ్గించమనేవాడు, బాపు 1,300కు ఒప్పుకునేవాడేమో. అది బేరం. బేరం మంచిదే. పని అయ్యాక వచ్చేది గొడవ.

పునాది గురించి ఒక మాట. మన దగ్గర నల్లరేగడి ఉన్న చోట్ల ఎంత లోతు పోతే గట్టి నేల దొరుకుతుందో తవ్వితే గాని తెలియదు. అందుకే "ఇన్ని అడుగుల లోతు వరకు ఈ రేటులో, అంతకు మించితే అడుగుకు ఇంత" అని రాయండి. ఇటుక ఏది? ఎన్టీపీసీ బూడిదతో చేసే ఇటుకనా, ఎర్ర ఇటుకనా? పేరు రాయండి. సిమెంట్, స్టీలు ఏ కంపెనీవో రాయండి. మధ్యలో స్టీలు రేటు పెరిగితే ఎవరు భరిస్తారు? వానకాలం గోదావరి నిండి ఇసుక దొరకకపోతే ఆ రోజులు ఎవరి ఖాతాలో?

డబ్బు స్టేజీలు. ఇక్కడ ఒక లెక్క గమనించండి. స్లాబ్ పడే వరకు ఓనర్‌కు మేస్త్రీ అవసరం. స్లాబ్ పడ్డాక మేస్త్రీకి ఓనర్ అవసరం. గృహప్రవేశం అయినంక ఓనర్‌కు మేస్త్రీతో ఏ అవసరమూ లేదు. అందుకే పెద్ద మొత్తం చివరికి మిగుల్చుకున్న మేస్త్రీ ఏడుస్తాడు. మేం ఇప్పుడు ఇట్ల పెట్టుకున్నాం. అగ్రిమెంట్ రోజు 10 శాతం, పునాది మొదలుపెట్టే ముందు 15, గోడలకు 20, స్లాబ్‌కు ముందు 25, గిలాబుకు ముందు 15, టైల్స్, తలుపులు, రంగులకు ముందు 10, చివరగా 5. ఇది రూల్ ఏం కాదు, మీ పనిని బట్టి మార్చుకోండి. ప్రతి స్టేజీ డబ్బు ఆ స్టేజీ మొదలుకాక ముందే రావాలి, చివర మిగిలేది పోయినా మనం మునగనంత ఉండాలి. ఆ 5 శాతం ఓనర్ ధైర్యం కోసం. తలుపు సరిగ్గా పడకపోతే, నల్లా కారితే, ఆయన చేతిలో కూడా ఏదో ఒకటి ఉండాలి కదా.

దీనికి బదులుగా మనం ఇవ్వాల్సిన మాట కూడా ఒకటి ఉంది. ఆయన ఇచ్చిన స్టేజీ డబ్బు ఆయన ఇంటికే. ఇంకో సైట్‌కు తిప్పం. బాపుకు ఇది ఒప్పించడానికి నాకు ఆరు నెలలు పట్టింది, నిజం చెప్తున్నా. "అట్లయితే ఒక్క ఇల్లే కట్టాలె" అన్నడు. అవును, ఒకటో రెండో. ఇప్పుడు మేం రెండిటికి మించి ఒప్పుకోం.

ఇంకోటి, మన ఊర్లో డబ్బుకు సీజన్ ఉంటది. దసరాకు లాభాల వాటా, దీపావళికి బోనస్, లేకపోతే రిటైర్మెంట్ డబ్బు. బ్యాంక్ లోన్ అయితే బ్యాంక్ వాళ్లు కూడా స్టేజీలుగానే ఇస్తారు, వాళ్ల ఇంజనీర్ వచ్చి చూసి పోతేనే తర్వాతి ముక్క. డబ్బు ఎప్పుడు, ఎక్కడి నుంచి వస్తుందో మొదటి రోజే అడగండి. అడగడం తప్పు కాదు. స్లాబ్ సెప్టెంబర్‌లో, ఆయన డబ్బు దసరాకు అంటే, ఆ నెల రోజుల అప్పు మీ నెత్తి మీదనే.

ఇప్పుడు మనుషులు. ఒక ఇంటికి నలుగురు ఓనర్లు ఉంటారు. సారు ఒకటి చెప్తారు, అమ్మ వంటింటి గట్టు ఇంకోలా అంటారు, అమెరికాలో ఉన్న కొడుకు వీడియో కాల్‌లో కిటికీ మార్చమంటాడు. బామ్మర్ది ఉండనే ఉన్నాడు. అగ్రిమెంట్‌లో రాయండి, మార్పులు చెప్పేది ఎవరో ఒక్క పేరు. మిగతా వాళ్లు వచ్చి చెప్తే మర్యాదగా వినండి, "మంచి ఐడియా అమ్మా, సారుతో సంతకం పెట్టిస్తే రేపే చేస్తా" అనండి. సగం మార్పులు అక్కడే ఆగిపోతాయి. ఇక యూట్యూబ్ చూసి వచ్చేవాళ్లు... నేనే వీడియోలు చేస్తా కాబట్టి వాళ్లను ఏమీ అనలేను.

గొడవ వచ్చినప్పుడు మన మాట మీద కాకుండా వేరే దాని మీద నిలబడితే సులువు. ఉదాహరణకు సెంట్రింగ్. ముహూర్తం దగ్గర పడ్డది, నాలుగు రోజులకే కర్రలు తీసేయమంటాడు ఓనర్. "వద్దు సారు" అంటే సాకు అనుకుంటాడు. ఐఎస్ 456 అని కాంక్రీట్‌కు భారత ప్రమాణం ఉంది. మామూలు సిమెంట్‌తో పోస్తే, 4.5 మీటర్ల లోపు స్లాబ్‌కు కింది సపోర్టులు కనీసం 7 రోజులు, అంతకు మించితే 14 రోజులు ఉంచాలి. బీములకు 6 మీటర్ల లోపు 14, మించితే 21 రోజులు. తడపడం మామూలు సిమెంట్‌కు కనీసం 7 రోజులు, వేడి పొడి వాతావరణంలో 10 రోజులు. రామగుండం ఎండలు మీకు తెలియనివి కావు. ఈ రోజుల సంఖ్య అగ్రిమెంట్‌లో రాసేయండి. పక్కనే ఇంకో లైన్, నీళ్లు కొట్టే బాధ్యత ఎవరిది. రేపు గోడకు పగులు వస్తే మొదటి ప్రశ్న అదే.

పర్మిషన్ సంగతి క్లుప్తంగా. 2020 నుంచి టీఎస్-బీపాస్ చట్టం ఉంది. 75 గజాల లోపు జాగలో చిన్న ఇల్లు అయితే ఒక్క రూపాయితో రిజిస్ట్రేషన్, అంతకు మించితే పర్మిషన్ తీసుకోవాలి. ఆ కాపీ మీ అగ్రిమెంట్‌కు జత చేయండి. ప్లాన్ దాటి కట్టమంటే అది కూడా బుక్‌లో రాసి సంతకం అడగండి. పెట్టకపోతే కట్టకండి. మున్సిపాలిటీ వాళ్లు ఆపితే రోజు కూలీలు మీరే కట్టాలి. జీఎస్టీ గురించి కూడా చాలామంది అడుగుతారు. విడిగా ఒక ఇంటికి కేవలం లేబర్ గుత్త అయితే జీఎస్టీ మినహాయింపు ఉంది. మెటీరియల్‌తో కలిపి చేస్తే, సంవత్సరం టర్నోవర్ 20 లక్షలు దాటితే, ఆడిటర్‌ను కలవండి. రెండు ఇండ్లు కడితే దాటిపోతుంది అది.

ఇప్పుడు ఆ ఫోన్ చేసిన అన్న ప్రశ్న. కాగితం లేదు, డబ్బు ఆగింది, ఏం చేయాలి? నేను లాయర్‌ను కాదు, నాకు తెలిసింది చెప్తున్నా, పెద్ద మొత్తం అయితే లాయర్‌ను కలవండి.

మొదటిది, కాగితం లేనంత మాత్రాన ఒప్పందం లేనట్టు కాదు. 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం ప్రకారం నోటిమాట ఒప్పందం కూడా ఒప్పందమే. అదే చట్టం 70వ సెక్షన్ ఏమంటుందంటే, ఊరికే చేసే ఉద్దేశం లేకుండా ఒకరికి పని చేసి, అవతలి వాళ్లు ఆ లాభం అనుభవిస్తే, దానికి పరిహారం ఇవ్వాలి. కాకపోతే నిరూపించాలి. సిమెంట్ బిల్లులు, కూలీల లెక్క, ఫోన్‌పే హిస్టరీ, సైట్ ఫొటోలు, వాట్సాప్ మెసేజ్‌లు అన్నీ పనికొస్తాయి. ఫోన్ మార్చేటప్పుడు పాత చాట్ పోగొట్టుకోకండి. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఒక సర్టిఫికెట్ జత చేయాలి, అది లాయర్ చూసుకుంటాడు.

రెండోది, గడువు. చెల్లింపుకు తేదీ ఏదీ అనుకోకపోతే, పని పూర్తయిన రోజు నుంచి 3 సంవత్సరాల లోపు దావా వేయాలి. "ఇస్తడు లే" అని నాలుగేండ్లు తిరిగి అప్పుడు లాయర్ దగ్గరికి పోతే లాభం లేదు.

మూడోది చెక్కు. చెక్కు బౌన్స్ అయితే, బ్యాంక్ నుంచి ఆ సంగతి తెలిసిన 30 రోజుల లోపు నోటీసు పంపాలి. నోటీసు అందాక ఆయనకు 15 రోజుల టైమ్. ఇవ్వకపోతే ఆ తర్వాత నెల లోపు కోర్టులో ఫిర్యాదు. 138 సెక్షన్ అంటారు కదా, అదే. చెక్కు మూడు నెలలే చెల్లుతుంది, బీరువాలో దాచుకోవద్దు.

కోర్టు అంటే భయమైతే లోక్ అదాలత్ ఉంది. కేసు వేయక ముందే అర్జీ పెట్టుకోవచ్చు, కోర్టు ఫీజు లేదు. ఇద్దరూ ఒప్పుకుంటే అక్కడ రాసిన అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానం. కాలనీ పంచాయితీలో 80,000కు తెగ్గొట్టిన మాటకు ఆ బలం లేదు. గోదావరిఖని కోర్టుకు పోయి న్యాయ సేవల వాళ్లు ఎక్కడ కూర్చుంటారో అడగండి, చెప్తారు.

చేయకూడనివి కూడా చెప్పాలి. తాళం చెవి ఆపకండి. తలుపులు ఊడబీక్కొచ్చిన మేస్త్రీలను నేను చూశా. మీకు రావాల్సిన డబ్బు సివిల్ గొడవ, మీరు చేసిన పని క్రిమినల్ కేసు అయితది. పోలీస్ స్టేషన్‌లో పంచాయితీ పెట్టించడం కూడా నాకు నచ్చదు, ఎవరి పలుకుబడి ఎక్కువో అక్కడ తేలుతుంది అంతే. ఇంకోటి గుర్తుంచుకోండి. పని బాగా లేకపోతే ఓనర్ కూడా వినియోగదారుల కమిషన్‌కు పోవచ్చు, మనకు దగ్గర కరీంనగర్‌లో ఉంది. ఇల్లు కట్టడం సేవ కిందికే వస్తుందని సుప్రీంకోర్టు 1993లోనే చెప్పింది, లక్నో డెవలప్‌మెంట్ అథారిటీ కేసులో.

మొదట్లో చెప్పా కదా, ఎగ్గొట్టాలనే వచ్చేవాళ్ల గురించి. వాళ్లను ముందే పట్టడం పూర్తిగా సాధ్యం కాదు. కానీ బుక్ చూపించినప్పుడు ముఖం ఎట్ల పెడతారో చూడండి. పోయిన సంవత్సరం ఒకాయన అంతా ఒప్పుకుని, స్టేజీల దగ్గరికి వచ్చేసరికి "మొత్తం స్లాబ్ అయినంక ఒకేసారి ఇస్తా" అన్నాడు. మేం వద్దన్నాం. ఆ ఇల్లు వేరే మేస్త్రీ కట్టాడు. ఆయనకు డబ్బు మొత్తం వచ్చిందట కూడా! బాపు నన్ను వారం రోజులు తిట్టిండు. ఏం చేస్తాం, ఆ రెండు నెలలు మాకు పని లేదు. కాగితం అడిగితే కొన్ని పనులు పోతాయి, అది దాచి మీకు వీడియో చేయడం కరెక్ట్ కాదు.

ఆ పాత సారు ఇల్లు ఇప్పటికీ మేం మార్కెట్‌కు పోయే దారిలోనే ఉంది. పిట్టగోడ నాలుగు అడుగులు, మనవళ్లు నిజంగానే ఆడుకుంటారు. ఒక్క పగులు లేదు, బాపు బండి స్లో చేసి చూస్తడు. సారు కనపడితే ఇద్దరూ తల ఊపుకుంటారు, మాట్లాడుకోరు.

ఫోన్ చేసిన అన్నకు నేను ఒక పని చెప్పా. ఓనర్‌కు ఫోన్ చేయొద్దు, వాట్సాప్‌లో మర్యాదగా ఒక మెసేజ్ పెట్టు. ఇల్లు ఎప్పుడు పూర్తయింది, మొత్తం ఎంత, ఎంత ముట్టింది, 1,60,000 ఎప్పుడు ఇస్తారు సార్ అని. కోపం లేకుండా. మొన్న బుధవారం జవాబు వచ్చిందట. "దసరాకు లాభాల వాటా పడ్డంక ఇస్తా" అని. అమౌంట్ రాయలేదు ఆయన. "సరే సార్, 1,60,000 దసరాకు, థ్యాంక్యూ" అని తిరిగి పెట్టు, ఆయన ఓకే అంటే స్క్రీన్‌షాట్ తీసి మీ బిడ్డ ఫోన్‌కు కూడా పంపు అని చెప్పా. పెట్టాడు. బ్లూ టిక్ పడింది, ఓకే ఇంకా రాలేదు.

దసరా ఇంకా నెల ఉంది. ఏమైందో ఆ తర్వాత ఎపిసోడ్‌లో చెప్తా. ఉంటా మరి, నమస్తే.